మంత్రాలేసే ఆట

శ్రావణ శుక్రవారం ఇంకా నాలుగు రోజులుందనగా, నా కుట్టుమిషను పక్కన పేర్చి ఉన్న జాకెట్ గుడ్డలు ఒక్కొక్కటే వాపసు పోవడం మొదలైంది. ఒకామె చీర మార్చుకుందట. ఒకామెకు చెల్లెలు కుట్టిస్తానందట. ఇంకొకామె కారణం కూడా చెప్పలేదు, గుమ్మం బయటే నిలబడి "నా గుడ్డ ఇయ్యి అక్కా" అని చెయ్యి చాపింది. ఇబ్రహీంపట్నంలో పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. శ్రావణ మాసంలో నాకు అన్నం తినే తీరిక ఉండదు. అలాంటిది సోమవారం సాయంత్రానికి మిషను మీద మా ఇంటి దిండు గలీబులు తప్ప ఏమీ మిగల్లేదు.

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ సంగతి గల్లీ అంతటికీ తెలుసు. అందుకే ఎవరూ మొహం మీద చెప్పలేదేమో. చివరికి లీదియా చెప్పింది. ఆమె ఆశా కార్యకర్త, మా గల్లీ చివరింట్లో ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకునే మనిషి కాబట్టి ఎవరింట్లో ఏం మాట్లాడుకుంటున్నారో ఆమె చెవిన పడకుండా ఉండదు.

"సునందక్కా, కోపం జెయ్యకు," అంది మిషను పక్కన స్టూలు లాక్కుని. "ఎదురింటి మల్లేశయ్య మనవరాలికి జరం తగ్గుతలేదు గదా. మీ అత్తమ్మ చేతబడి చేసిందని అంటుండ్రు."

ముందు నాకు నవ్వొచ్చింది. మా అత్తమ్మ రేణుకమ్మకు ఉగాది ముందు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట, రెండూ దెబ్బతిన్నాయి. తన కొంగు తాను సర్దుకోలేని మనిషి ఇంకొకరికి చేతబడి చేయడమేమిటి?

"ఎవరు చూసిండ్రంట?" అన్నాను.

"అందరు చూసిండ్రంట. కిటికీలకెల్లి. చేతుల కట్టె పట్టుకుంటదంట. దాని కొసకు ఎర్ర దీపముంటదంట. అది వాళ్లింటి దిక్కు తిప్పుకుంట సావు, సావు అంటదంట."

నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అదంతా నిజమే.

దవాఖానలో ఫిజియోథెరపీ అమ్మాయి మాకు ఒక లెక్క చెప్పి పంపింది. చెయ్యి పైకెత్తాలి, గుండ్రంగా తిప్పాలి, కిందికి దించాలి, రోజుకు రెండొందల సార్లు. అత్తమ్మ పది కాగానే గోడ వైపు తిరిగి పడుకునేది. తిట్టినా అంతే, బతిమాలినా అంతే. జూన్‌లో, శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతున్న నా బిడ్డ లిఖిత ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. హాస్టల్ ఖాళీ చేసి పోతున్న సీనియర్ ఇచ్చిన పాత వీడియో గేమ్ అది. టీవీ కింద చిన్న కెమెరా పెట్టాలి. చేతిలో కట్టె పట్టుకోవాలి. కట్టె కొసకు నిమ్మకాయంత బంతి ఉంటుంది, అది రంగులు మారుస్తూ వెలుగుతుంది. మనం చెయ్యి ఎట్లా కదిలిస్తే టీవీలో మంత్రగాడు అట్లా కదిలిస్తాడు. గుండ్రంగా తిప్పితే గాలి లేస్తుంది. కిందికి కొడితే నిప్పు పడుతుంది. ఎత్తి పట్టుకుంటే బండరాయి గాల్లో నిలబడుతుంది. ఎదురుగా బొక్కల దయ్యాలు, అంటే ఎముకల గూళ్లు, గుంపులుగా వస్తూనే ఉంటాయి.

మొదటి రోజు అత్తమ్మ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టి లేపింది. నెల తిరిగేసరికి కుడి చెయ్యి ఒక్కటే భుజం దాకా లేచింది. లెక్కపెట్టమని ఎవరూ అడగక్కర్లేకపోయింది, రెండొందలు కాదు మూడొందలు తిప్పేది. దయ్యం మీదికొచ్చినప్పుడల్లా "సావు" అని కొట్టేది. జబ్బు చేశాక ఆమె నోటి నుంచి శుభ్రంగా వచ్చిన మొదటి మాట అదే. ఆ రోజు మేమంతా చప్పట్లు కొట్టాం.

లీదియా వెళ్లాక లిఖితను ఆట పెట్టమన్నాను. నేను గల్లీ దాటి మల్లేశయ్య అరుగు దగ్గర నిలబడి మా ఇంటిని చూశాను. మబ్బు పట్టి అయిదింటికే చీకటిగా ఉంది. కేబుల్ అటునుంచే వస్తుంది కాబట్టి మా టీవీ కిటికీ ఉన్న గోడకే, కిటికీ పక్కన ఉంటుంది. బయట నిలబడ్డవాళ్లకు టీవీ కనిపించదు. కనిపించేది ఊచల వెనక మా అత్తమ్మే. తలస్నానం చేయించి ఆరబెట్టిన జుట్టు భుజాల మీద ఉంది. మూతి ఒక పక్కకు లాగి ఉంది. మొహం మీద ఎర్రటి వెలుగు. ఆమె చెయ్యి మెల్లగా లేచి, సరిగ్గా నేను నిలబడ్డ గుమ్మం వైపు దిగింది. "సావు," అంది.

రోజూ ఆ తల దువ్వేదాన్ని నేనే. నాకే ఒళ్లు జలదరించింది.

వెనక తలుపు చప్పుడైతే తిరిగి చూశాను. వైశాలి, మల్లేశయ్య కోడలు. దాని మొగుడు లారీ మీద తిరుగుతూ నెలకోసారి వస్తాడు. పోయినేడు నా దగ్గరే మిషను నేర్చుకుంది. భుజం మీద మూడేళ్ల సింధు వాడిపోయి వేలాడుతోంది. చెప్పబోయాను. వైశాలి నా మొహం చూసింది, మా కిటికీ చూసింది, తలుపు వేసుకుంది.

బుధవారం పొద్దున మల్లేశయ్య వచ్చాడు. వెంట ఇద్దరు కుర్రాళ్లు వచ్చి గేటు దగ్గరే ఆగారు. మల్లేశయ్య చెడ్డమనిషి కాదు. అత్తమ్మ పడిపోయిన రోజు ఆటో పిలుచుకొచ్చి ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది ఆయనే. మా ఆయన శ్రీపాల్ ఆదిభట్లలో కంపెనీ బస్సు తోలుతాడు, అప్పుడే డ్యూటీకి బయల్దేరబోతున్నాడు. ఆయన్నే చూసి మాట్లాడాడు మల్లేశయ్య.

"శ్రీపాల్, నేను కొట్లాటకు రాలే. పిల్లకు పన్నెండు దినాలాయె. ఆరెంపీ దగ్గర సూదులేపిచ్చిన. తగ్గినట్టే తగ్గి మళ్ల వస్తుంది. ఒకాయనను అడిగితే, చేతబడి మా ఇంటికి ఎదురుంగనే ఉన్నదన్నడు."

"ఎవరు మామా ఆ ఒకాయన?" అన్నాను.

"నేను నీతోని మాట్లాడుతలేనమ్మా."

"మాట్లాడకుంటె మానె. కండ్లతోనన్న చూడు," అని చెయ్యి పట్టుకున్నంత పని చేసి ఆయన్ను లోపలికి తెచ్చాను. లిఖిత ఆట పెట్టింది. తనే కట్టె పట్టుకుని గుండ్రంగా తిప్పింది, కిందికి కొట్టింది. టీవీలో బొక్కల దయ్యాలు మండిపోయి రాలాయి. మల్లేశయ్య కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు చూశాడు. ఆయన మొహం కొంచెం తేటపడ్డట్టే అనిపించింది నాకు.

"ఇదేం ఆట బిడ్డా?" అని అడిగాడు.

నా బిడ్డకు అబద్ధం ఆడటం రాదు. నేనే నేర్పలేదు.

"మంత్రాలేసే ఆట తాతా. చేత్తోని గాలిల మంత్రం గీయాలె," అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "అంటే మీ నాయనమ్మ నేర్చుకుంటుంది."

"ఉత్తదే తాతా. బొమ్మలు."

"దయ్యాలు గూడ కనవడ్తున్నయ్ గదా బిడ్డా."

ఆ తరువాత ఎంత చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు. వాకిట్లోకి వెళ్లాక గొంతు తగ్గించాడు. "పోరగాళ్లు పండ్లు రాలగొడ్తమంటుండ్రు శ్రీపాల్. నేనే ఆపుతున్న. ఎన్నొద్దులు ఆపుత?"

పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని, పలక్కపోతే పారదని ఒక నమ్మకం. చిన్నప్పుడు పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నాను. అలాంటి మాట మా వాకిట్లో, మా అత్తమ్మ గురించి వింటానని అనుకోలేదు. గేటు దగ్గర కుర్రాళ్లలో ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. వాడి పెళ్లికి వాళ్లమ్మ జాకెట్టు కుట్టింది నేనే.

"ఆదివారం పోచమ్మ గుడికాడ తడిబట్టలతోని ప్రమాణం చెయ్యమను," అన్నాడు మల్లేశయ్య. "కుడిచేతుల కర్పూరం వెలిగించుకొని, ఆరేదాంక పట్టుకోవాలె. మీ ఇంటోళ్లు ముట్టొద్దు. గంతే. అటెన్క ఎవడన్న మాట్లాడితే నేను జవాబు చెప్త."

"ఆ చెయ్యి అంతసేపు నిలవదు గదా మామా," అన్నాడు శ్రీపాల్.

"మా ఇంటి దిక్కు లేసింది గదా," అన్నాడాయన.

ఆయన వెళ్లగానే నేను చెప్పులేసుకున్నాను. "ఠాణాకు పోదాం నడు."

"పోతం. పోలీసులొస్తరు, నాలుగు మాటలు చెప్తరు, పోతరు. మనం ఈడనే ఉండాలె గదా," అన్నాడు శ్రీపాల్. "అమ్మను హయత్‌నగర్ల అక్క ఇంటికి తోల్కపోత. జర సల్లబడ్డంక తీస్కొస్త."

"ఇప్పుడు పోతే చేసింది గాబట్టే పోయిందంటరు."

"మరేం జెయ్యమంటవ్?"

గొంతులు లేస్తున్నాయి. మంచం మీంచి అత్తమ్మ ఏదో అంది. మాకు అర్థం కాలేదు. మూడోసారికి తెలిసింది.

"పట్టుకుంట," అంటోంది.

ఆ పొద్దు నేను ఒంటరిగానైనా ఠాణాకు వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాటకు చెప్పులు విడిచేశాను. దానికి నామీద నాకే కోపం, ఇప్పటికీ పోలేదు.

నాలుగు రోజులు మా ముందుగది కిటికీకి దుప్పటి కట్టి ఉంది. ఏ ఆట మా కొంప మీదికి తెచ్చిందో ఆ ఆటతోనే అత్తమ్మ చెయ్యి తయారు కావాలి. కట్టెను పిడికిట్లో పట్టుకోవడం ఆమెకు వచ్చు. కర్పూరానికి అరచెయ్యి తెరిచి, వెల్లకిలా పెట్టి, గాల్లో నిలపాలి. జాకెట్ల అడుగున వేసే ఎలాస్టిక్ కత్తిరించి చేతికి సరిపడా పట్టీ కుట్టాను. దాంతో కట్టెను ఆమె అరచేతిలో అడ్డంగా బిగించాం. బండరాయిని గాల్లో నిలబెట్టే మంత్రం ఒక్కటే ఆడించింది లిఖిత, ముందూ వెనకా ఇంకేమీ లేకుండా. ఒక పళ్లెంలో కర్పూరం బిళ్ల వెలిగించి ఫోన్‌లో టైం చూశాను. నిమిషం దాటి పది సెకన్లు మండింది.

బుధవారం ఆమె పదిహేను సెకన్లు నిలబెట్టింది. గురువారం ఇరవై అయిదు. ఆ తరువాత చిక్కు వచ్చింది. చెయ్యి అలసిపోతే వేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. వద్దన్నా ముడుచుకుంటాయి, ఆ జబ్బు అంతే. లిఖిత ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పేది. అత్తమ్మ చెమటలు కక్కుతూ మళ్లీ ఎత్తేది. టీవీలో బండరాయి లేచేది, పడేది, లేచేది.

లీదియా రోజూ మల్లేశయ్య గడప తొక్కింది. "ఇది ఉత్త జరం గాదు, రక్తపరీక్ష చేపియ్యిండ్రి, పెద్ద దవాఖానకు పోదాం," అని మొత్తుకుంది. "ప్రమాణం కానియ్యి, చూద్దాం," అన్నాడట ఆయన. సింధు పాలు కూడా కక్కేస్తోందని చెప్పింది లీదియా. ఆ పిల్లకేమైనా అయితే ప్రమాణం దాకా కూడా ఆగరు.

శుక్రవారం మధ్యాహ్నం పెరటి తలుపు ఎవరో తట్టారు. వైశాలి. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"అక్కా," అంది, "నిజంగ ఆటనేనా?"

లోపల అత్తమ్మ చెయ్యి అప్పుడే పదోసారి పడిపోయింది. నా తిక్కంతా వైశాలి మీదికి మళ్లింది. "అవ్, ఆటనే. నువ్వు గూడ నీ పండ్లు రాలగొట్టించుకోని ఆడు," అని తలుపు మొహాన వేశాను. ఆ గల్లీలో వచ్చి అడిగిన మనిషి అదొక్కతే. వేసిన తలుపు వెనక నిలబడి అది వెళ్లిపోయిన అడుగుల చప్పుడు విన్నాను. మళ్లీ తీసి పిలవచ్చు. పిలవలేదు.

శనివారం సాయంత్రానికి నలభై సెకన్లు. అంతకు మించి రాలేదు.

ఆదివారం పొద్దున సన్నగా జల్లు పడుతోంది. పోచమ్మ గుడి ముందు యాభై మందికి తక్కువ లేరు. నా దగ్గర గుడ్డలు వాపసు తీసుకున్న ఆడవాళ్లంతా ఒక పక్క నిలబడ్డారు. నేనే బిందెడు నీళ్లు అత్తమ్మ నెత్తిన పోశాను. చీర ఒంటికి అతుక్కుని ఆమె ఇంకా చిన్నగా కనిపించింది. శ్రీపాల్ ఒక పక్క పట్టుకుని గుడి ముందుకు నడిపించి వదిలి వచ్చాడు.

మల్లేశయ్య తమలపాకు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. దాని మీద ఒక బిళ్ల పెట్టాడు. మా గేటు దగ్గర ఫోన్ చూసుకున్న కుర్రాడు వచ్చి రెండో బిళ్ల కూడా పెట్టాడు. నేను అడుగు ముందుకేస్తే శ్రీపాల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. మేము ముడితే ప్రమాణం చెడినట్టే.

అగ్గిపుల్ల మూడు సార్లు ఆరిపోయింది. మల్లేశయ్య జల్లుకు చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగోసారి అంటుకుంది.

"పిల్లకు," అంది అత్తమ్మ. ఆగింది. "నేనేం. జెయ్యలే."

మూడు సార్లు అనాలి. నేను లోపల లెక్కపెడుతున్నాను. రెండోసారి అనేసరికి ఇరవై. చెయ్యి నిలకడగా ఉంది. జనంలో ఒక చిన్న కదలిక వచ్చింది, నిలవదనుకున్న చెయ్యి నిలిచినందుకు. మూడోసారి అనేసరికి ముప్పై అయిదు. ఒక ముసలాయన నా వెనక మెల్లగా అన్నాడు, "పచ్చవాతమొచ్చిన చెయ్యి ఇంత జల్ది ఎట్ల లేసింది?" లేస్తే ఒక మాట, లేవకపోతే ఒక మాట. వీళ్లను గెలవడం మా వల్ల కాదని అప్పుడు తెలిసింది నాకు.

నలభై అయిదు దగ్గర చిటికెన వేలు కదిలింది.

తరువాత దాని పక్క వేలు. అత్తమ్మ ఎడమ చెయ్యి లేచి, ముట్టకూడదని గుర్తొచ్చి, ఆగిపోయింది. ఆకు అంచు నల్లబడి ముడుచుకుంది. మంట నిలువునా లేస్తోంది, వేళ్లు దాని మీదికి మూసుకుంటున్నాయి. ఆమె అరవలేదు. చెయ్యి దించలేదు. వేళ్లనే చూస్తోంది, అవి ఎవరివో అన్నట్టు. యాభై మందిలో ఒక్కరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.

వైశాలి ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. ఎడమ భుజం మీద సింధు ఉంది. కుడి చేత్తో ఆ మండుతున్న దాన్ని ఒక్క దెబ్బ కొట్టింది. ఆకు, కర్పూరం బురదలో పడ్డాయి. అత్తమ్మ మూసుకుపోయిన వేళ్లను పట్టి, తడి చీర కొంగులో చుట్టింది.

"పూర్తి కాలే," అన్నాడు కుర్రాడు.

"పిల్ల నాది," అంది వైశాలి. "నాకు చాలు."

అంతే. గొంతు కూడా పెంచలేదు. తరువాత మామ వైపు చూడకుండా లీదియాను అడిగింది, "దవాఖానకు ఆటో ఏడ దొర్కుతది?" లీదియా అప్పటికే రోడ్డు మీద చెయ్యి ఊపుతోంది. జనం ఒక్కొక్కరే వానలో విడిపోయారు.

సింధుకు టైఫాయిడ్ అని తేలింది. ఇంకో రెండు రోజులు ఆగితే పేగుకు రంధ్రం పడేదని డాక్టర్ అన్నాడట. పదకొండు రోజులకు ఇంటికి తెచ్చారు. వైశాలి చేతికి రెండు బొబ్బలు వచ్చాయి. అత్తమ్మ అరచేతిలో చర్మం ఊడింది, మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఆట బంద్. భుజం మళ్లీ బిగుసుకుపోయింది. వైశాలికి క్షమాపణ చెప్పాలని నేను రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ కూరగాయల ధరలు మాట్లాడి వచ్చాను. మూడోసారి చెప్పాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

అసలు సంగతి ఆ తరువాత మొదలైంది. రేణుకమ్మ చేతిలో నిప్పు పట్టుకుందని, ఆ వెంటనే పిల్ల బాగైందని గల్లీ కథ అల్లుకుంది. డాక్టర్ పేరు, సెలైన్ పేరు, లీదియా పేరు ఎవరికీ గుర్తు లేవు. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే చాలు, తల్లులు ఎత్తుకుని మా ఇంటికి వస్తున్నారు. "జర నీ చెయ్యి పెట్టు అత్తా" అని అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుంటున్నారు. మా గేటు దగ్గర నిలబడ్డ ఆ కుర్రాడు కూడా కొబ్బరికాయతో వచ్చాడు. నేను ఒక్కొక్కరినీ తిట్టి పంపాను. కొందరికి అది కూడా ఆశీర్వాదంలాగే అనిపించినట్టుంది, దండం పెట్టి పోయారు.

దసరా ముందు రోజు మల్లేశయ్య వచ్చాడు. చేతిలో సింధు, కొత్త గౌను. గుడి దగ్గర ప్రమాణం తరువాత ఆయన మా ఇంటి వైపు తలెత్తి చూసింది లేదు. అత్తమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. అప్పటికి మాట చాలావరకు తిరిగొచ్చింది, నెమ్మదిగా అయినా.

"తప్పయింది వదినా," అన్నాడు. "పిల్ల నెత్తి మీద జర చెయ్యి పెట్టు."

అత్తమ్మ సింధును చూసి నవ్వింది. కుడి చేతిని మాత్రం కొంగు కిందికి తీసుకుంది.

"పెట్ట," అంది.

"కోపముంటదని తెలుసు వదినా."

"కోపం గాదు. ఇయ్యాల పెడితే నా చెయ్యి మంచిదంటవ్. రేపు పిల్లకు జరమొస్తది. పిల్లలన్నంక రాకుంటదా? గప్పుడు మళ్ల నా చెయ్యే యాదికొస్తది నీకు."

మల్లేశయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నటన కాదు, నాకు తెలుస్తుంది. "నేను గట్లాంటోన్ని గాదు వదినా. గంత పని నేను చేసే మనిషినా?" అన్నాడు.

"నేను గూడ గట్లాంటిదాన్ని గాదు, మల్లేశా," అంది అత్తమ్మ.

ఆయన పక్కనే ఇంకో కుర్చీ ఉంది. నేను కూర్చోమనలేదు. పిల్లను భుజానికెత్తుకుని గల్లీ దాటి వాళ్లింట్లోకి వెళ్లిపోయాడు.